నెల దాటితే పోవాలట

దినచర్య 212
గాలి ఈశాన్యం. నీళ్లు పోటు మీద.

ఇవాళ పంటు నడపలేదు. నడపనివ్వలేదు. అయినా దినచర్య మాత్రం రాయాలట. సరంగు పేరు కొట్టేసే దాకా, పంటు కదిలినా కదలకపోయినా రాయాల్సిందేనని ఊరి సంఘం నిబంధన. సరే, రాస్తున్నాను. నెలాఖరుకి దీన్ని చదివే గుమాస్తా ఎవరో గానీ, ఇన్నాళ్లూ గాలి, నీళ్లు, ఎక్కినవాళ్లు, దిగినవాళ్లు తప్ప నా రాతలో ఏమీ దొరక్క విసుగెత్తి ఉంటాడు. ఇప్పుడు తీరిగ్గా చదువుకోమనండి.

నేను పెమ్మాడి వరాలుని. నీళ్ల మీద తేలే తేలూరులో నాలుగో పంటు నడిపే సరంగుని. బడి తెప్ప నుంచి సంత తెప్పకీ, అక్కడి నుంచి ఆసుపత్రి తెప్పకీ జనాన్ని దాటించడం నా పని. మా అమ్మమ్మ పుట్టిన ఊరు సరిగ్గా నా దారి కిందే, నీళ్ల అడుగున ఉందంటారు. దాని మీదుగా రోజూ పోతాను గానీ పాటుకి నీళ్లు ఎంత తీసినా అది కనపడదు.

రొమ్ములో గడ్డకి మందెక్కించుకోవడం పూర్తయి, బోడిగుండు మీద గోరంత జుట్టు మొలిచాక ఇవాళే మళ్లీ పనిలోకి వెళ్లాను. రేవు నిండా జనం. బాతుల గంప నెత్తిన పెట్టుకున్న ముసలాయన నన్ను చూసి "వరాలమ్మొచ్చేసిందిరోయ్!" అని కేకేశాడు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. కళ్లు తుడుచుకుని రెండు చేతులూ చుక్కాని మీద వేశాను.

చుక్కాని అరచేతి చెమట చదువుతుంది. తాగి పట్టుకుంటే కదలదు. మత్తుమాత్ర మింగి పట్టుకున్నా కదలదు. మంచిదే, నూరుమందికి తక్కువ కాకుండా ఎక్కే పంటు అది. నేను పట్టుకున్నప్పుడల్లా అది పచ్చగానే వెలిగింది. ఇవాళ పలచగా ఎర్రబడింది. ఆ వెంటనే పైనున్న గొట్టంలోంచి ఎవరో ఆడమనిషి గొంతు, పెళ్లికి పిలుస్తున్నంత తియ్యగా, "సరంగు ఒంట్లో గంజాయి ఉన్నది. ప్రయాణికులు దిగవలెను" అంది.

దిగారు. ఒక్కొక్కరే నన్ను చూసుకుంటూ దిగారు. బాతుల ముసలాయన నా పక్కన ఆగి, "అదేంటమ్మా, నువ్వు కూడానా?" అన్నాడు. 'కూడా' అట! తల కొట్టేసినట్టయింది.

దినచర్య 213
గాలి ఈశాన్యం. నీళ్లు పోటు మీద.

ఉంది. నా ఒంట్లో గంజాయి ఉంది. నేను లేదన్నానా? ఎవరు పెట్టారో అది కూడా అడగాలి కదా.

మందెక్కించినన్నాళ్లూ గంజి కూడా కడుపులో నిలిచేది కాదు. పచ్చి మంచినీళ్లకే వాంతయ్యేది. అప్పుడు ఆసుపత్రి తెప్పలో నస్రీన్ డాక్టరమ్మ గంజాయి నూనె ఇచ్చింది. పొద్దున ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి నాలుక కింద చుక్కలు వేసుకోమంది. ఆ నూనె వల్లే నాలుగు మెతుకులు తిన్నాను, ఆ మెతుకుల వల్లే బతికాను. మందెక్కించడం ఆగిన రోజే నూనె కూడా ఆపేశాను. ఆ బుడ్డి మీద సంఘం ముద్ర ఉంది. చుక్కాని మీద కూడా అదే ముద్ర ఉంది. ఒక ముద్ర తాగమంటుంది, ఇంకో ముద్ర తాగావేం అంటుంది.

నిబంధన ఇది: గంజాయి మందుగా వాడినవాళ్లు నెల దాటాక చుక్కాని పట్టవచ్చు. నెలకి ఒంట్లోంచి మొత్తం పోతుంది. నెల దాటాక కూడా ఎర్రబడితే మళ్లీ వాడినట్టే లెక్క. మూడుసార్లు ఎర్రబడితే పేరు కొట్టేస్తారు, ఇక జన్మలో చుక్కాని ముట్టుకోనివ్వరు. నేను నెల దాటి, ఆ పైన ఇంకో వారం కూడా ఆగి మరీ వెళ్లాను.

ఈ మాటే భద్రతాధికారి జోగారావు గారితో చెప్పాను. ఆయన చెడ్డమనిషి కాదు. కుర్చీ వేయించి, మజ్జిగ ఇప్పించి మరీ నమ్మనన్నాడు.

"నెలకి పోవాలండి, వరాలు గారూ."

"పోలేదు కదండీ."

"పోవాలని రాసుందండి. పోలేదంటే మళ్లీ లోపలికెళ్లినట్టే కదండీ?"

"అది రాసినాయన ఎవరి ఒళ్లు చూసి రాశాడండి? నాది చూళ్లేదు కదా!"

"మీరు ఆవేశపడకండి. రెండు వారాలాగి మళ్లీ పట్టుకుందురు గానీ."

నేను ఆవేశపడుతున్నానట. ఆయన ఇచ్చిన మజ్జిగ తాగకుండా వచ్చేశాను. దాహం వేసింది గానీ తాగలేదు.

దినచర్య 215
గాలి లేదు. నీళ్లు పాటు మీద.

నా పంటుకి బదులు సరంగు వచ్చాడు. కొడుక్కి జ్వరమట, రెండు రాత్రులుగా కన్ను మూయలేదని అతనే చెప్పాడు. ఆవులిస్తూ చుక్కాని పట్టుకున్నాడు. పచ్చగా వెలిగింది. సంత తెప్పని తాకించి రెండు కూరగాయల బల్లలు నీళ్లలో పడేశాడు. నిద్రమత్తు చెమటలో కనపడదు కాబట్టి అతని తప్పేమీ లేదన్నారు. అతని మీద నాకు కోపం లేదు. పాపం, పిల్లాడికి తగ్గితే చాలు. నా కోపమంతా ఆ పచ్చరంగు మీద.

దినచర్య 219
గాలి ఈశాన్యం. నీళ్లు పోటు మీద.

లోవ వచ్చింది. నాగిడి లోవకుమారి. రెండో పంటు సరంగు. దానికి చుక్కాని పట్టడం నేర్పింది నేనే. వంతెన సందులోంచి పంటుని నాకంటే బాగా తిప్పుతుందిప్పుడు. ముఖం పాలిపోయి ఉంది. రక్తంలో జబ్బని తేలిందట, సోమవారం నుంచి మందెక్కిస్తారట.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అక్కా, నీ చుక్కాని సంగతేంటి?" అని అడిగింది.

"ఏముందే, మళ్లీ పట్టుకోమన్నారు. ఈసారి పచ్చగా వత్తది."

"రాకపోతే?"

"ఎందుకు రాదే? నువ్వు నీ ఒంటి సంగతి చూస్కో. వాంతులైతే డాక్టరమ్మ నూనిత్తది, ఏస్కో."

లోవ నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని అరచేతులకేసి చూసింది.

దినచర్య 224
గాలి తూర్పు. నీళ్లు పోటు మీద.

మా ఆయన సూర్రావు వైద్యం మొదలెట్టాడు. ఆయన వలలు బాగుచేస్తాడు, మొక్కలు పెంచుతాడు, అందరి జబ్బులకీ ఒకటే మందు చెప్తాడు. లంఖణం. జ్వరమొస్తే లంఖణం, అజీర్తికి లంఖణం, అల్లుడితో తగువొస్తే కూడా లంఖణమే.

"మూడ్రోజులు కడుపు మాడ్చెయ్యవే. లోపలున్న చెత్తంతా కాలిపోద్ది. మా నాయనమ్మ పచ్చకామెర్లకి అదే చేసింది."

"నాకు పచ్చకామెర్లు కాదయ్యా."

"ఏదైతే ఏంటే? ఒళ్లు శుభ్రమవ్వాలా వద్దా?"

ఇరుగుపొరుగు కూడా అదే మాటన్నారు. ఒకావిడ జీలకర్ర నీళ్లిచ్చి వెళ్లింది, ఒకావిడ తెప్ప చుట్టూ పరుగెత్తమంది. మా ఊళ్లో పుట్టిన ఎవరైనా ఇంతే, ఒంట్లోంచి ఏది పోవాలన్నా ముందు అన్నం మానేస్తారు. నాకూ అదే సబబనిపించింది. వేడినీళ్లూ జీలకర్ర నీళ్లూ తప్ప ఏమీ ముట్టకుండా పొద్దునా సాయంత్రం తెప్ప చుట్టూ పరుగెడుతున్నాను. కళ్లు బైర్లు కమ్ముతున్నాయి. చుక్కాని కోసం ఇంతకన్నా పెద్ద కష్టమైనా పడతాను.

దినచర్య 227
గాలి తూర్పు. నీళ్లు పాటు మీద.

రెండోసారి పట్టుకున్నాను. మందారం రంగులో ఎర్రబడింది. మొదటిసారి కన్నా ముదురు.

జోగారావు గారు తల పట్టుకున్నాడు. "పలచగా ఉన్నది పచ్చబడాలి గానీ ముదరడమేంటండీ? మొన్న వాడకుండా ఇవాళ ముదరదు కదండీ. నేనే మీకోసం పైవాళ్లతో మాటాడాను. నన్నెందుకండీ ఇలా చేస్తారు?"

అంటే నేను ఆయన్ని మోసం చేశానని ఆయన బాధపడుతున్నాడు. ఆకలితో నాకు కాళ్లు వణుకుతున్నాయి, చేతులు వణుకుతున్నాయి. ఆ వణుకు కూడా చూశాడు. అది కూడా గంజాయి వల్లేననుకున్నాడు, ఆయన ముఖంలో తెలిసిపోయింది.

రేవు నుంచి ఇంటికి వచ్చే దారిలో ఇద్దరు కుర్రాళ్లు "దమ్ము సరంగూ!" అని అరిచారు. నేను జీవితంలో ఒక్క బీడీ కాల్చలేదు. తిరిగి వాళ్లని బండబూతులు తిట్టాను. ఏం తిట్టానో సంఘం దినచర్యలో రాయకూడదని ఇంకో నిబంధన ఉంది.

దినచర్య 228
గాలి తూర్పు. నీళ్లు పోటు మీద.

నస్రీన్ డాక్టరమ్మ దగ్గరికెళ్లి బల్ల గుద్ది అడిగాను. లంఖణం సంగతి చెప్పగానే ఆవిడ నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వాపేసింది.

"ఎంత పని చేశారు, వరాలు గారూ! గంజాయి నీళ్లలో కలిసి పోయేది కాదు. కొవ్వులో దాక్కుంటుంది. మత్తు ఎప్పుడో దిగిపోయింది మీకు. ఇప్పుడున్నది దాని జాడ మాత్రమే. అది కొవ్వులోంచి కొంచెం కొంచెంగా బయటికొస్తుంది. మీరు అన్నం మానేసి పరుగులు పెట్టారు. కొవ్వు కరిగింది. దాక్కున్నదంతా ఒక్కసారిగా బయటికొచ్చింది."

"అయితే నెలకి పోద్దని ఎందుకు రాశారు?"

"ఎప్పుడో ఒకసారి తీసుకున్నవాళ్లకి వారంలోపే పోవచ్చు. మీలాగా రోజూ, అదీ నెలల తరబడి తీసుకుంటే నెల దాటినా ఉండొచ్చు. ఒంటిని బట్టి మారుతుంది. అందరికీ ఒకటే లెక్క కుదరదు."

"ఇది సంఘానికి చెప్పలేదా మీరు?"

"మూడుసార్లు రాశాను."

కోపమంతా ఎటు పోయిందో తెలియలేదు. ఆవిడ బల్లని గుద్దినందుకు నాకే సిగ్గేసింది. అప్పుడు అడిగాను, "మరిప్పుడేం చెయ్యమంటారు?" అని.

"కడుపు నిండా తినండి. పరుగెత్తకండి. పట్టుకునే ముందు రోజుల్లో అసలు పస్తుండకండి."

అంటే ఏమిటి? తింటే మంచిదాన్ని, పస్తుంటే గంజాయి సరంగుని. నా ఒంట్లో ఉన్నది అంతే ఉంటుంది, నా తెలివీ అంతే ఉంటుంది. చుక్కాని చదివేది నా మత్తుని కాదు, నా ఆకలిని. ఇంటికొచ్చి మా ఆయనకి ఈ సంగతి చెప్పాను. లేచి వెళ్లి రొయ్యల వేపుడు చేశాడు.

దినచర్య 233
గాలి ఉత్తరం. నీళ్లు పాటు మీద.

లోవని చూడ్డానికి ఆసుపత్రి తెప్పకి వెళ్లాను. గుర్తుపట్టలేకపోయాను. చెంపలు లోపలికి పోయాయి. మంచం పక్కన బేసిను, అందులో పసరు. నూనె బుడ్డి మూత తియ్యకుండా కిటికీలో ఉంది.

"ఎందుకేసుకోలేదే?"

"ఏస్కోనక్కా."

"ఒసే, పిచ్చి ముండా, చచ్చిపోతావే!"

"నువ్వేస్కున్నావుగా. ఏమైంది? గొట్టంలో చెప్పించారు ఊరందరికీ. నేను పంటు మీంచి దిగితే నా పిల్లకెవరు పెడతారక్కా? వాంతులు పోతాయి, చుక్కాని పోతే రాదు."

"నీకు అలా అవ్వదే."

"నీకైంది."

ఎంత చెప్పినా పెదాలు బిగబట్టుకుంది. చుక్కాని కోసం ప్రాణం పోగొట్టుకుంటుంది ఇది. తప్పు దానిది కాదు. నన్ను చూసి భయపడింది. ఆ ఎర్రరంగు నన్నొక్కదాన్నే దించలేదు, ఈ మంచం మీదున్న పిల్ల నోరు కూడా కట్టేసింది. ఆసుపత్రి తెప్ప అంచున నిలబడి గట్టిగా ఏడ్చాను. ఎవరన్నా చూస్తే చూడనీ అనుకున్నాను.

డాక్టరమ్మ బయటికొచ్చి, "ఇంకో వారం ఇలాగే ఉంటే మందెక్కించడం ఆపేయాలి. ఆపితే జబ్బు గెలుస్తుంది" అంది. మూడోసారి పట్టుకున్నప్పుడు చుక్కాని పచ్చగా వెలగాలి, నా పంటు నాకొచ్చిందని నేను లోవ కళ్లముందు నిలబడి చెప్పాలి. అది తప్ప దాన్ని ఒప్పించే దారి లేదు.

దినచర్య 238
గాలి ఉత్తరం. నీళ్లు పోటు మీద.

తింటున్నాను. ముద్దపప్పు, నెయ్యి, చేపల పులుసు, మినపసున్ని. మా ఆయన వడ్డిస్తున్నాడు, నేను కూర్చుని తింటున్నాను. నడవడం లేదు. ఆకలి లేకపోయినా తింటున్నాను. ప్రతి ముద్దకీ ఒళ్లు మండుతూనే ఉంది. కిటికీలోంచి నా పంటు వెళ్లడం కనపడితే ముఖం తిప్పుకుని ఇంకో గరిటె వేయించుకుంటున్నాను.

దినచర్య 240
గాలి ఉత్తరం. నీళ్లు పోటు మీద.

పచ్చగా వెలిగింది.

రేవులో ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. బాతుల ముసలాయన కూడా కొట్టాడు. నా చేతులు చుక్కాని మీంచి తియ్యబుద్ధి కాలేదు. ఇనుము నా అరచేతుల్లో వేడెక్కింది. మా ఆయన కండువాతో కళ్లొత్తుకున్నాడు.

జోగారావు గారు నిజంగానే సంతోషపడ్డాడు. "పాత ఎరుపులు రెండూ మాఫీ చేయించానండి. ఇంకొక్క మాటే మిగిలింది."

"ఏం మాటండి?"

"ఇలాగే చుక్కాని పట్టుకుని, అందరూ వినేలాగా, గంజాయి మానేశాను అనాలండి. ఎర్రబడి మళ్లీ పచ్చబడినోళ్లందరూ అనేదే."

"మానెయ్యడమేంటండీ?"

"మాటే కదండీ."

"తాగుబోతోళ్లు తాగుడు మానేశాను అంటారు. నాకు జబ్బొచ్చింది, మందేసుకున్నాను, జబ్బు తగ్గింది, మందయిపోయింది. నేను మానేసిందేముంది? వైద్యం అయిపోయింది అంటానండి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లంటాను."

"నిబంధనలో 'మానేశాను' అనే ఉందండి. మార్చడానికి నాకు అధికారం లేదు."

"అయితే ఇంకోటి కూడా వినండి. ఎర్రబడ్డ రోజుకీ పచ్చబడ్డ రోజుకీ మధ్య నేను చేసిందల్లా కడుపు నిండా తినడం. మీ చుక్కానికి ఏమీ తెలీదు. కావాలంటే మళ్లీ పస్తుంటాను, మళ్లీ ఎర్రబడుద్ది."

"ఎందుకండీ ఇవన్నీ చెప్తారు? పచ్చబడింది కదా!" ఆయన గొంతులో బతిమాలుడు వినిపించింది.

మా ఆయన పక్కకొచ్చి చెవిలో, "అనెయ్యవే. నీ సొమ్మేం పోద్ది? రేపటి నుంచి నీ పంటు నీకొచ్చేస్తది" అన్నాడు. నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. ఒక్క మాట. నీళ్లు నా ముందే ఉన్నాయి, దారి నాకు కళ్లు మూసుకున్నా తెలుసు.

కానీ నేను మానేశానంటే అంతకుముందు నాకు అలవాటు ఉన్నట్టే. నాకుంటే లోవకీ ఉన్నట్టే, దాని తర్వాత ఆ మంచమెక్కే ప్రతి సరంగుకీ ఉన్నట్టే. నూనె నాలుక మీద పడగానే ప్రతివాళ్లూ ముందు గంజాయి మనిషి కావాలి, తర్వాత ఊరి ముందు నిలబడి మానెయ్యాలి. నా నోటితో ఆ మాట అంటే, ఇప్పటికే ఆ పిల్ల బిగించిన పెదాల మీద నేనే ఇంకో తాళం వేసినట్టు.

"అనను" అన్నాను.

జోగారావు గారు నిబంధనల పుస్తకం తెరిచి, అననివాళ్లు వాడకాన్ని ఒప్పుకున్నట్టే లెక్క అని చదివాడు. అది కూడా రాసే ఉందట. నా చేతుల కింద చుక్కాని దీపం ఆరిపోయింది. ఎర్రగానూ లేదు, పచ్చగానూ లేదు. నా పేరు కొట్టేశారు.

దినచర్య 241
గాలి ఉత్తరం. నీళ్లు పాటు మీద.

ఇవాళ్టి నుంచి నేను రాయనక్కర్లేదు. అయినా రాస్తున్నాను. ఈ పుస్తకం సాయంత్రం సంఘంలో ఇచ్చేయాలి. చదివే గుమాస్తా గారూ, డాక్టరమ్మ రాసిన మూడు ఉత్తరాలు మీ దగ్గరే ఎక్కడో ఉంటాయి, తీసి చదవండి. నెల అన్న మాట కొట్టేయండి. మానేశాను అన్న మాట కూడా కొట్టేయండి. నేను పైసంఘానికి ఎక్కుతాను, ఎక్కి అరుస్తాను. ఒంట్లో మిగిలిన జాడకీ బుర్రకెక్కిన మత్తుకీ తేడా తెలియని వస్తువుని చుక్కానికి బిగించి, ఆ వస్తువు మాటే మనిషి మాట కన్నా ఎక్కువని మీరన్నంత కాలం నేను నోరు ముయ్యను.

ఇంకొకటి. కింద రాసింది చదివాక దయచేసి రెండో పంటు దగ్గర గానీ ఆసుపత్రి తెప్పలో గానీ ఎవరికీ చెప్పకండి. ఆ పిల్ల లేచి తిరిగే దాకా ఆగండి. ఆ తర్వాత నేనే చెప్పి, అది తిట్టే తిట్లన్నీ తింటాను.

పొద్దున ఆసుపత్రి తెప్పకి వెళ్లాను. వేరేవాళ్లు నడుపుతున్న నాలుగో పంటులో, వెనక బల్ల మీద, టికెట్ కొనుక్కుని వెళ్లాను. లోవ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నా అడుగుల చప్పుడుకి ఇటు తిరిగింది. కిటికీలో నూనె బుడ్డి అలాగే ఉంది. దాని మూత తీశాను.

"చుక్కాని ఇచ్చారా అక్కా?" అంది. గొంతు పైకి రావడం లేదు.

"ఇచ్చారే."

"నిజంగా? పచ్చగా వచ్చిందా?"

"వచ్చింది. రేవంతా చప్పట్లే. ఇప్పుడు నాలుగో పంటు మీదే వచ్చాను."

నా కళ్లలోకి చూస్తూనే ఉంది. నేను కళ్లు తిప్పుకోలేదు.

"నోరు తెరు" అన్నాను.

తెరిచింది.